గురుత్వాకర్షణ

ద్రవ్యరాశి గల ఏ రెండు వస్తువులైనా ఒకదానినొకటి తమవైపు లాగుకుంటాయి. ఈ ఆకర్షణను గురుత్వాకర్షణ అంటారు. చెట్టు నుండి చింతకాయ నేలపై రాలటానికి, చంద్రుడు భూమిని విడిచిపోకుండా దాని చుట్టూ తిరగటానికి, పెన్నా నది పడమటి నుండి తూర్పునకు ప్రవహించి సముద్రంలో కలవటానికి కారణం ఇదే. ప్రకృతిలోని నాలుగు ప్రాథమిక బలాలలో గురుత్వాకర్షణ అన్నిటికంటె బలహీనమైనది. అయితే దీని పరిధికి హద్దు లేదు. విద్యుదావేశాలలో ధన, ఋణ ఆవేశాలు ఒకదానినొకటి రద్దు చేసుకుంటాయి. ద్రవ్యరాశిలో అటువంటి రద్దు లేదు. అందువలన గ్రహాలు, నక్షత్రాలు వంటి పెద్ద వస్తువుల విషయంలో దీనిదే పైచేయి.

ఈ వ్యాసంలోని ఉదాహరణలు ఎక్కువగా నెల్లూరు జిల్లా పడమటి భాగమైన ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాలకు చెందినవి. కొండలు, నది, పెద్ద జలాశయం, చెరువులు, నీరు అందని మెట్ట పొలాలు, అన్నీ దగ్గరదగ్గరగా ఉన్న ఈ సీమలో ఏ పొలానికి కాలువ నీరు వస్తుందో, ఏ పొలానికి రాదో చాలావరకు తేల్చేది గురుత్వాకర్షణే. (నంద్యాల జిల్లాలో ఆత్మకూరు అనే మరొక పట్టణం, ఒడిషాలో ఉదయగిరి గుహలు ఉన్నాయి. వాటికి ఈ వ్యాసంతో సంబంధం లేదు.)

న్యూటన్ సూత్రం

రెండు వస్తువుల మధ్య ఆకర్షణ బలం వాటి ద్రవ్యరాశుల లబ్ధానికి అనులోమానుపాతంలోను, వాటి మధ్య దూరపు వర్గానికి విలోమానుపాతంలోను ఉంటుంది. అనగా ఒక వస్తువు ద్రవ్యరాశి రెట్టింపైతే బలం రెట్టింపవుతుంది. దూరం రెట్టింపైతే బలం నాలుగో వంతుకు పడిపోతుంది. దీనిని ఇలా వ్రాయవచ్చు:

బలం = గురుత్వ స్థిరాంకం × మొదటి ద్రవ్యరాశి × రెండవ ద్రవ్యరాశి ÷ దూరం²

గురుత్వ స్థిరాంకం విలువ 6.674 × 10⁻¹¹ (న్యూటన్, మీటరు, కిలోగ్రాము ప్రమాణాలలో). ఇది ఎంత చిన్న సంఖ్యో ఊహించటానికి ఒక లెక్క చూడండి. ఒక్కొక్కరు 60 కిలోల బరువున్న ఇద్దరు మనుషులు ఒక మీటరు ఎడంలో నిలబడితే వారి మధ్య ఆకర్షణ దాదాపు ఒక సన్నని ఇసుక రేణువు బరువుతో సమానం. అందుకే మనం ఎదుటి మనిషి ఆకర్షణను గుర్తించలేము. భూమి ద్రవ్యరాశి సుమారు 6 × 10²⁴ కిలోగ్రాములు కాబట్టి దాని ఆకర్షణను మాత్రం క్షణం కూడా మరువలేము.

ద్రవ్యరాశి, భారం ఒకటి కావు. ద్రవ్యరాశి వస్తువులో ఉన్న పదార్థపు పరిమాణం. అది ఎక్కడైనా ఒకటే. భారం ఆ వస్తువుపై పనిచేసే గురుత్వ బలం. అది చోటును బట్టి మారుతుంది. త్రాసులో తూచిన కిలో బియ్యం చంద్రునిపై కూడా కిలో రాయితో సరితూగుతాయి. ఎందుకంటే అక్కడ రాయి భారం కూడా అంతే తగ్గుతుంది. స్ప్రింగు తక్కెడలో వేలాడదీస్తే మాత్రం ఆరవ వంతే చూపుతుంది.

క్రింద పడే వస్తువు వేగం సెకనుకు, సెకనుకు 9.8 మీటర్ల చొప్పున పెరుగుతుంది. దీనిని గురుత్వ త్వరణం అంటారు. ఉదయగిరి కొండ అంచు నుండి ఒక రాయిని జారవిడిస్తే, గాలి నిరోధాన్ని లెక్కలోనికి తీసుకోకపోతే, అది మొదటి సెకనులో 4.9 మీటర్లు, రెండు సెకన్లలో 19.6 మీటర్లు, మూడు సెకన్లలో 44.1 మీటర్లు పడుతుంది. కొండ కోట బలం కొంతవరకు ఈ లెక్కలోనే ఉన్నది. పైనుండి దొర్లించిన రాయికి వేగం ఊరికే వస్తుంది. క్రిందినుండి ఎక్కే సైనికుడు ప్రతి అడుగుకూ తన భారాన్ని తానే మోయాలి. గజపతుల అధీనంలో ఉన్న ఈ దుర్గాన్ని శ్రీకృష్ణదేవరాయలు దీర్ఘకాలం ముట్టడించి 1514లో గాని వశపరచుకోలేకపోయాడు.

చరిత్ర

భూమి గోళాకారంలో ఉన్నదని అంగీకరించిన వెంటనే ఒక ప్రశ్న తలెత్తుతుంది: గోళానికి అడుగున ఉన్నవారు ఎందుకు పడిపోరు? ఆర్యభటుడు (జననం క్రీ.శ. 476) భూగోళంపై అన్ని వైపులా జీవులున్నాయని చెప్పాడు. బ్రహ్మగుప్తుడు క్రీ.శ. 628లో రచించిన బ్రహ్మస్ఫుట సిద్ధాంతంలో, నీటికి ప్రవహించటం సహజమైనట్లే భూమికి వస్తువులను ఆకర్షించటం సహజమన్న భావన కనబడుతుంది. భాస్కరాచార్యుడు 1150లో సిద్ధాంత శిరోమణిలో భూమికి ఆకర్షణ శక్తి ఉన్నదని స్పష్టంగా వ్రాశాడు. న్యూటన్ కంటె ముందే భాస్కరుడు గురుత్వ సూత్రాన్ని కనిపెట్టాడని కొందరు వ్రాస్తుంటారు. ఇది సరికాదు. భూమి లాగుతుందని చెప్పటం వేరు, ఎంత దూరంలో ఎంత బలంతో లాగుతుందో లెక్క కట్టి చెప్పటం వేరు. అయితే "క్రింద" అనగా భూమి కేంద్రం వైపు అని గ్రహించటం ఆ కాలానికి చిన్న విషయం కాదు.

బరువైన వస్తువులు త్వరగా, తేలికైనవి నెమ్మదిగా పడతాయని అరిస్టాటిల్ చెప్పిన మాటను ఐరోపాలో చాలామంది శతాబ్దాల తరబడి నమ్మారు. 17వ శతాబ్దపు ఆరంభంలో గెలీలియో వాలుబల్లపై గోళాలను దొర్లించి కాలాన్ని కొలిచాడు. గాలి అడ్డు లేకపోతే అన్ని వస్తువులూ ఒకే త్వరణంతో పడతాయని అతని ప్రయోగాలు సూచించాయి. ఆ రోజులలోనే కెప్లర్ గ్రహ గమనానికి మూడు నియమాలు ఇచ్చాడు. గ్రహాలు అలా ఎందుకు తిరుగుతున్నాయో మాత్రం తేలలేదు.

ఈ రెంటినీ కలిపినవాడు న్యూటన్. ఆపిల్ పండు కథ అందరికీ తెలిసినదే. అసలు విషయం పండులో కాక చంద్రునిలో ఉన్నది. చంద్రుడు భూమి కేంద్రం నుండి భూవ్యాసార్ధానికి 60 రెట్ల దూరంలో ఉన్నాడు. బలం దూరపు వర్గాన్ని బట్టి తగ్గేటట్లయితే అక్కడ గురుత్వ త్వరణం 9.8లో 3600వ వంతు, అనగా సుమారు 0.0027 ఉండాలి. చంద్రుడు భూమిని ఒకసారి చుట్టటానికి పట్టే 27.3 రోజుల కాలం నుండి లెక్క కట్టినా ఇదే విలువ వస్తుంది. పండును లాగే బలమే చంద్రుని కూడా త్రిప్పుతున్నదనటానికి ఇది ఋజువు. న్యూటన్ ఈ సిద్ధాంతాన్ని 1687లో ప్రిన్సిపియా అనే గ్రంథంలో ప్రకటించాడు. గురుత్వ బలం పరిమాణాన్ని ప్రయోగశాలలో సీసపు గుండ్ల సహాయంతో మొదటిసారి కొలిచి, దాని ద్వారా భూమి సాంద్రతను నిర్ణయించినది హెన్రీ కావెండిష్ (1798).

న్యూటన్ సిద్ధాంతం రెండు శతాబ్దాలకు పైగా నిలిచినా, బుధగ్రహం కక్ష్యలో శతాబ్దానికి 43 వికలల తేడాను అది వివరించలేకపోయింది. 1915లో ఐన్‌స్టైన్ ప్రతిపాదించిన సాధారణ సాపేక్ష సిద్ధాంతం ఈ తేడాను సరిగా వివరించింది. దీని ప్రకారం ద్రవ్యరాశి తన చుట్టూ ఉన్న స్థలకాలాలను వంచుతుంది. ఆ వంపులో వస్తువులు పోయే దారినే మనం గురుత్వాకర్షణగా చూస్తున్నాము. 1919 సూర్యగ్రహణ సమయంలో నక్షత్ర కాంతి సూర్యుని దగ్గర వంగటాన్ని కొలిచారు. ఈ సిద్ధాంతం ఊహించిన గురుత్వ తరంగాలను 2015 సెప్టెంబరు 14న అమెరికాలోని లైగో పరికరాలు తొలిసారి పట్టుకున్నాయి. కాలువ త్రవ్వటానికి, రాకెట్టు పంపటానికి నేటికీ చాలావరకు న్యూటన్ లెక్కలే సరిపోతాయి. చేతిఫోనులోని జీపీఎస్ మాత్రం ఐన్‌స్టైన్ సవరణ లేకుండా పనిచేయదు. ఆ ఉపగ్రహాలలోని గడియారాలు నేలపై గడియారాలకంటె రోజుకు సుమారు 38 మైక్రోసెకన్లు ముందుకు పోతాయి.

చోటును బట్టి మార్పు

గురుత్వ త్వరణం భూమిపై అంతటా సమానం కాదు. భూమి తన చుట్టూ తాను తిరగటం వలన, మధ్యలో కొద్దిగా ఉబ్బి ఉండటం వలన భూమధ్యరేఖ వద్ద అది 9.780, ధ్రువాల వద్ద 9.832 ఉంటుంది. 1672లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు రిషే పారిస్ నుండి దక్షిణ అమెరికాలోని కయేన్‌కు తీసుకుపోయిన లోలకపు గడియారం రోజుకు రెండున్నర నిమిషాలు వెనుకబడింది. ఈ తేడాను పట్టిచ్చినది ఆ గడియారమే. ఉదయగిరి అక్షాంశం సుమారు 14.9 డిగ్రీలు కాబట్టి అక్కడ సముద్రమట్టానికి సరిపోయే సిద్ధాంతపరమైన విలువ సుమారు 9.784.

ఎత్తుకు పోయేకొద్దీ కూడా విలువ తగ్గుతుంది. ఉదయగిరి దుర్గం ఎత్తు సముద్రమట్టానికి 3,079 అడుగులు. 60 కిలోల మనిషిని స్ప్రింగు తక్కెడపై తూచితే, సముద్రతీరంలో కంటె ఆ శిఖరంపై పది నుండి ఇరవై గ్రాముల వరకు తక్కువ చూపుతుంది. కొండ ఎక్కేటప్పుడు కారే చెమట బరువు ఇంతకంటె ఎక్కువే.

కొండలు స్వయంగా కూడా ఆకర్షిస్తాయి. మేస్త్రీలు గోడ నిలువు చూసుకొనే దారపు గుండు, పెద్ద పర్వతం ప్రక్కన కొద్దిగా ఆ పర్వతం వైపు మొగ్గుతుంది. 1802లో మద్రాసులో లాంబ్టన్ ప్రారంభించిన మహా త్రికోణమితి సర్వే ఉత్తర భారతానికి చేరినప్పుడు ఈ మొగ్గు పెద్ద సమస్య అయింది. కలియానా, కలియాన్‌పూర్ అనే రెండు కేంద్రాల మధ్య అక్షాంశాల తేడాను నేలపై కొలతల ద్వారా ఒక విధంగా, నక్షత్రాల ద్వారా మరొక విధంగా లెక్కిస్తే సుమారు 5 వికలల వ్యత్యాసం వచ్చింది. హిమాలయాల ఆకర్షణే కారణమని భావించి ప్రాట్ అనే మతాచార్యుడు లెక్క వేయగా దాదాపు 16 వికలలు రావాలని తేలింది. అనగా హిమాలయాలు వాటి పరిమాణానికి తగినంతగా లాగటం లేదు! పర్వతాల క్రింద తేలిక పదార్థం లోతుగా ఉండి, నీటిపై కొయ్య తేలినట్లు అవి తేలుతున్నాయన్న భావన ఇక్కడినుండే పుట్టింది. 1865 నుండి సర్వే ఆఫ్ ఇండియా అధికారి బసేవి లోలకాలతో మినికాయ్ దీవి మొదలు లడఖ్ వరకు గురుత్వాన్ని కొలిచాడు. 1871లో లడఖ్ ఎత్తులలో ఆ పని మీద ఉండగానే మరణించాడు.

భారతదేశానికి దక్షిణాన, శ్రీలంకకు దిగువన హిందూ మహాసముద్రంలో భూమిపై అతి పెద్ద గురుత్వ లోటు ఉన్నది. అక్కడ సముద్రమట్టం ఉండవలసిన ఆదర్శ మట్టం కంటె వంద మీటర్లకు పైగా క్రిందికి ఉంటుంది. భూగర్భంలోని వేడి, తేలిక పదార్థపు ప్రవాహాలు దీనికి కారణమని బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ పరిశోధకులు 2023లో ప్రతిపాదించారు.

నేల క్రింది రాళ్ళు

గురుత్వంలోని సూక్ష్మమైన తేడాలను మిల్లీగాల్ అనే ప్రమాణంతో కొలుస్తారు. ఈ పేరు గెలీలియో పేరు నుండి వచ్చింది. ఒక మిల్లీగాల్ అంటే గురుత్వ త్వరణంలో సుమారు పది లక్షలవ వంతు. నేల క్రింద బరువైన రాయి ఉంటే విలువ కొద్దిగా పెరుగుతుంది, తేలిక రాయి ఉంటే తగ్గుతుంది. ఈ విధంగా త్రవ్వకుండానే భూగర్భాన్ని కొంత చదవవచ్చు.

పశ్చిమ నెల్లూరు ఇందుకు చక్కని ఉదాహరణ. పడమట వెలిగొండలు, వాటి వెనుక కడప హరివాణపు క్వార్ట్‌జైట్, షేల్ రాళ్ళు ఉన్నాయి. తూర్పున నెల్లూరు షిస్టు మేఖల అనబడే, ఇంకా బరువైన ప్రాచీన శిలలు ఉన్నాయి. వెలిగొండల పడమటి వైపు గురుత్వ లోటు, తూర్పు వైపు మిగులు కనబడతాయి; రెంటి మధ్య మార్పు చాలా నిటారుగా ఉన్నది. హైదరాబాదులో 1961లో ఏర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ 1970ల తొలి అర్ధభాగంలో తూర్పుతీరపు కావలి నుండి పడమటి తీరపు ఉడిపి వరకు సుమారు 600 కిలోమీటర్ల పొడవున పేలుళ్ళ ద్వారా భూకంప తరంగాలు పుట్టించి భూపటలాన్ని పరిశీలించింది. దేశంలో ఈ తరహా అధ్యయనం ఇదే మొదటిది. ఈ రేఖ వెంబడి భూపటలం మందం సుమారు 34 నుండి 41 కిలోమీటర్ల వరకు ఉన్నదని తేలింది. కడప హరివాణపు తూర్పు అంచున బరువైన శిలలు పడమటివైపు నెట్టుకువచ్చిన భ్రంశం ఉన్నదన్న విషయాన్ని గురుత్వ కొలతలు, తరంగాల కొలతలు రెండూ బలపరిచాయి.

శ్రీహరికోట

గురుత్వాన్ని జయించే ప్రయత్నానికి భారతదేశంలో ప్రధాన కేంద్రమైన శ్రీహరికోట 2022 జిల్లాల పునర్విభజన వరకు నెల్లూరు జిల్లాలోనే ఉండేది. ఇప్పుడు తిరుపతి జిల్లాలో ఉన్నది. ఉపగ్రహం భూమి ఆకర్షణ నుండి తప్పించుకోదు. అది నిరంతరం భూమివైపు పడుతూనే ఉంటుంది, కాని సెకనుకు దాదాపు 8 కిలోమీటర్ల వేగంతో ప్రక్కకు పోతుండటం వలన భూమి వంపు దాని క్రిందనుండి తొలగిపోతూ ఉంటుంది. తూర్పు దిశగా పంపినప్పుడు భూభ్రమణం వలన సెకనుకు సుమారు 450 మీటర్ల వేగం ఉచితంగా లభిస్తుంది. 1980 జులై 18న ఎస్ఎల్‌వీ-3 రోహిణి ఉపగ్రహాన్ని ఇక్కడినుండే కక్ష్యలో పెట్టింది. 2023 జులై 14న ఇక్కడ బయలుదేరిన చంద్రయాన్-3 ఆగస్టు 23న చంద్రునిపై దిగింది.

నీటి పారుదల

ఈ ప్రాంతపు ప్రజల జీవితంపై గురుత్వాకర్షణ ప్రభావం అన్నిటికంటె స్పష్టంగా కనబడేది నీటి విషయంలోనే. కర్ణాటకలోని నంది కొండలలో పుట్టిన పెన్నా 597 కిలోమీటర్లు ప్రవహిస్తుంది. అది వెలిగొండలను చీల్చుకొని వచ్చే చోట, అనంతసాగరం మండలంలో సోమశిల జలాశయం ఉన్నది. దీని పూర్తి సామర్థ్యం 78 టీఎంసీలు (శతకోటి ఘనపు అడుగులు). నిండినప్పుడు అందులోని నీటి బరువు సుమారు 220 కోట్ల టన్నులు. పూర్తి నీటిమట్టం సముద్రమట్టానికి 330 అడుగులు.

ఈ 330 అడుగులు అన్న సంఖ్యే ముఖ్యం. కాలువలో నీరు తనంతట తాను పారాలంటే దానికి వాలు ఉండాలి. పెద్ద కాలువలకు కిలోమీటరుకు పది, ఇరవై సెంటీమీటర్ల వాలు చాలు. అంత కొద్ది వాలుతో సోమశిల నీరు ఉత్తర, దక్షిణ కాలువల ద్వారాను, దిగువన సంగం, నెల్లూరు ఆనకట్టల ద్వారాను పల్లపు భూములకు, డెల్టాకు చేరుతుంది. 19వ శతాబ్దంలో కట్టిన ఆ రెండు ఆనకట్టల స్థానంలో నిర్మించిన బ్యారేజీలను 2022 సెప్టెంబరులో ప్రారంభించారు. ఇంజనీర్లు ఇటువంటి భూములను గురుత్వ ఆయకట్టు అంటారు.

తెలుగుగంగ దీనికి ఇంకా ఆశ్చర్యకరమైన ఉదాహరణ. పూర్తి మట్టం 885 అడుగులు ఉన్న శ్రీశైలం జలాశయం నుండి కృష్ణా నీరు పోతిరెడ్డిపాడు, వెలుగోడు మీదుగా పెన్నా లోయకు, అక్కడినుండి సోమశిలకు, కండలేరుకు, చివరకు 140 అడుగుల మట్టంలో ఉన్న పూండి జలాశయానికి చేరుతుంది. ఒక్క కండలేరు, పూండిల మధ్య కాలువే 177 కిలోమీటర్లు. ఇంత దూరమూ పంపులతో పనిలేకుండా వాలుపైనే నీరు పోతుంది. 1983 ఒప్పందం ప్రకారం చేపట్టిన ఈ పథకం ద్వారా 1996లో మొదటిసారి నీరు తమిళనాడుకు అందింది. సోమశిలకు ఉత్తరాన ఆకాశమార్గంలో నలభై కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉన్న ఉదయగిరి మెట్టకు మాత్రం ఆ నీరు తనంతట తాను రాదు, ఎందుకంటే ఆ భూములు కాలువ మట్టానికి ఎగువన ఉన్నాయి. ప్రక్క జిల్లాల మీదుగా పరరాష్ట్రపు మహానగరానికి పోగల నీరు, ఎదురుగా కనబడే పొలానికి ఎక్కలేదు. దీనిని వివక్షగా మాత్రమే చూసేవారు ఎత్తుల పటాన్ని కూడా చూడటం మంచిది. అయితే పటం చూపించి ఊరుకోవటం కూడా న్యాయం కాదు, నీటిని ఎత్తే మార్గాలు ఉన్నాయి కనుక.

ఆ మార్గమే ఎత్తిపోతల. ఆత్మకూరు, ఉదయగిరి మెట్ట భూముల కోసం సోమశిల నుండి నీటిని పంపులతో ఎగువకు చేర్చే హైలెవల్ కాలువ పథకాన్ని రూపొందించారు. దీని ఖర్చులో విద్యుత్తు వాటాను గురుత్వ సూత్రమే నిర్ణయిస్తుంది. ఒక టీఎంసీ అంటే 2.83 కోట్ల ఘనపు మీటర్లు. అంత నీటిని ఒక మీటరు ఎత్తటానికి కనీసం 77 వేల యూనిట్ల విద్యుత్తు కావాలి. వంద మీటర్లు ఎత్తాలంటే 77 లక్షల యూనిట్లు. పంపులలో, గొట్టాలలో జరిగే నష్టాలు కలుపుకుంటే దాదాపు కోటి యూనిట్లు. ఏ యంత్రం వాడినా 77 లక్షల కంటె తగ్గించే వీలు లేదు. పల్లపు రైతుకు ఈ పనిని గురుత్వాకర్షణ ఉచితంగా చేసిపెడుతుంది, మెట్ట రైతు తరపున ఎవరో ఒకరు ఏటేటా చెల్లించాలి.

పూర్వులకు పంపులు లేవు కనుక వాన నీటిని క్రిందికి జారిపోకముందే ఆపుకున్నారు. అనంతసాగరం చెరువు వంటి పెద్ద చెరువులు, వాటి ఎగువన, దిగువన చిన్న చెరువులు ఈ ప్రాంతమంతటా ఉన్నాయి. చెరువు కట్టను లోయ ఇరుకుగా ఉన్న చోట వేసి, తూమును ఆయకట్టు కంటె ఎత్తులో, చెరువు అడుగు మట్టానికి దగ్గరగా పెడతారు. కలుజు మట్టం దాటిన నీరు వాగులో పడి దిగువ చెరువుకు పోతుంది. నీటి లోతు ప్రతి మీటరుకు, చదరపు మీటరుపై ఒక టన్ను చొప్పున ఒత్తిడి పెరుగుతుంది. కట్ట అడుగున వెడల్పుగా, పైన సన్నగా ఉండటానికి ఇదొక ముఖ్య కారణం. ఉదయగిరి మండలంలోని గండిపాలెం జలాశయం ఈ పద్ధతికి ఆధునిక రూపమని చెప్పవచ్చు.

ఇదే గురుత్వాకర్షణ వరద కాలంలో వినాశకారి అవుతుంది. ఇరవై మీటర్ల ఎత్తు నుండి పడిన నీటి వేగం గంటకు సుమారు 70 కిలోమీటర్లు ఉంటుంది. ఈ దెబ్బను కాచుకోవటానికే ఆనకట్ట దిగువన ఏప్రన్ అనే కాంక్రీటు నేల వేస్తారు. 2021 నవంబరు వరదలలో పెన్నా ఉపనది చెయ్యేరుపై అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగిపోయింది; ఆ తరువాత సోమశిలకు దిగువన నెల్లూరు సమీపంలోని పడుగుపాడు వద్ద జాతీయ రహదారి, రైలు మార్గం కోతకు గురయ్యాయి.

కాలువ అందని మెట్ట గ్రామాలు బోరు బావులపై ఆధారపడుతున్నాయి. వంద మీటర్ల లోతు నుండి వెయ్యి లీటర్ల నీటిని పైకి తేవటానికి సిద్ధాంతం ప్రకారం పావు యూనిట్ పైచిలుకు, ఆచరణలో దాదాపు అర యూనిట్ విద్యుత్తు ఖర్చవుతుంది. మట్టం పడిపోయేకొద్దీ ఈ ఖర్చు పెరుగుతుంది. ఉదయగిరి ప్రాంతపు భూగర్భ జలాలలో ఫ్లోరైడు సమస్య కూడా ఉన్నది. భూగర్భ జలాల తరుగుదలను ఇప్పుడు గురుత్వాకర్షణ ద్వారానే తూచగలుగుతున్నారు. 2002లో ప్రయోగించిన గ్రేస్ జంట ఉపగ్రహాలు తమ మధ్య దూరంలోని సూక్ష్మమైన మార్పులను బట్టి క్రింద నేలలోని ద్రవ్యరాశి తేడాలను పసిగట్టాయి. రాజస్థాన్, పంజాబ్, హర్యానాలలో 2002, 2008ల మధ్య 109 ఘనపు కిలోమీటర్ల భూగర్భ జలం తరిగిపోయిందని 2009లో ప్రకటించిన లెక్క ఈ ఉపగ్రహాల కొలతల నుండి వచ్చినదే. 2018 నుండి వీటి తరువాతి తరం ఉపగ్రహాలు పనిచేస్తున్నాయి. అవి కొన్ని వందల కిలోమీటర్ల విస్తీర్ణాన్ని ఒక్కటిగా తూచుతాయి కాబట్టి ఒక మండలపు నీటి లెక్క వాటికి అందదు. దానికి ఊరి బావిలోనికి కొలత టేపు దించి చూడవలసిందే.